అరికాలి చుక్క

నా చిన్నప్పుడు, నాకు పదేళ్ళు నిండిన ఏడు, నేను చెయ్యని తప్పుకి నలుగురిలో మాట పడ్డాను. చాలామంది ఇలాంటివి పెద్దయ్యేసరికి మర్చిపోతారట. నేను మర్చిపోలేదు. ఆ రోజు నేను వేసుకున్న గౌను రంగు గుర్తుంది, మాట అన్న మనిషి చేతికున్న గాజులు గుర్తున్నాయి, పక్కన నిలబడి నోరు మెదపని మనిషి కూడా గుర్తుంది. ఆ నోరు మెదపని మనిషి మా అమ్మ.

అప్పుడు మేం కువైట్‌లో ఉండేవాళ్ళం. మాది రాయచోటి వైపు. ఫహాహీల్‌లో ఒక కువైటీ ఇంట్లో మా నాన్న డ్రైవరు, అమ్మ వంటమనిషి. ఆ ఇంటి వెనక ప్రహరీకి ఆనుకుని ఉన్న గది మాది. ఇంటి యజమానురాలు బాగా పెద్దావిడ. ఆ దేశంలో ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు అమ్మగారిని మామా అంటారు కాబట్టి అమ్మతో పాటు నేనూ ఆమెను మామా అనే పిలిచేదాన్ని. నన్ను బడిలో చేర్పించింది ఆమే. నన్ను బింతీ అనేది, అంటే నా తల్లీ అని. ఆమె మీద నాకున్న ఫిర్యాదులు తర్వాత చెబుతాను. మంచి మనిషి అని మాత్రం ముందే ఒప్పుకుంటున్నాను.

మామాకి పాత బొమ్మలంటే ప్రాణం. వాళ్ళ నాన్న ఓడల మీద సరుకు తెచ్చే వ్యాపారి. బొంబాయి వెళ్ళినా బస్రా వెళ్ళినా కూతురికొక బొమ్మ తెచ్చేవాడట. వాటన్నిటినీ ఆమె ఒక గదిలో అద్దాల బీరువాలో పెట్టుకుంది. వాటిల్లో ఆమెకి అన్నిటికన్నా ఇష్టమైనది పింగాణీ పాప. మొహం, చేతులు, కాళ్ళు పింగాణీ, ఒళ్ళంతా గుడ్డ. రాగి రంగు జుట్టు, చిన్న నోరు, ఏదో అడగబోయి ఆగినట్టుండే చూపు. దాన్ని మామా తన తొమ్మిదో ఏట నాన్న చేతుల్లోంచి అందుకుందట. ఆ తర్వాత ఆయన ఓడ తిరిగి రాలేదు.

ఏటా ఎండలు ముదరకముందే ఫహాహీల్‌లో ఒక బడి హాల్లో పాత బొమ్మల ప్రదర్శన జరిగేది. అక్కడ ఉద్యోగాలు చేసే విదేశీయుల ఇళ్ళ ఆడవాళ్ళు కలిసి పెట్టేవారు. కొందరు తమ బొమ్మలు చూపించుకునేవారు, కొందరు అమ్ముకునేవారు. మొదటిసారి అమ్మని మామా బుట్టలు మోయడానికే తీసుకెళ్ళింది. అక్కడ ఒక బల్ల మీద ఎర్రచెక్క బొమ్మ కనిపించింది. అమ్మకానికి పెట్టినామె అది ఆఫ్రికాదని చెబుతోంది. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, గోటితో చిన్నగా గీరి వాసన చూసి, ఆఫ్రికా కాదు మామా, ఇది ఎర్రచందనం, మా పుట్టింటి పక్క కోడూరు అడవుల చెక్క అంది. అమ్మ చిన్నతనంలో వాళ్ళ పక్క ఊళ్ళల్లో అలాంటి బొమ్మలే చెక్కేవారు. ఆ రోజు నుంచి మామా అమ్మ లేకుండా బొమ్మ కొనలేదు.

అమ్మ వెంట నేనూ వెళ్ళేదాన్ని. ఆ హాల్లో బొమ్మలు వెతకడం అంత బాగా నాకు తర్వాత ఏదీ అనిపించలేదు. జుట్టు కుట్టిన తీరు చూడాలి. మెడ వెనక చేసినవాళ్ళ గుర్తు ఉందేమో చూడాలి. కనురెప్పలు కొత్త రంగా పాత రంగా అని వెలుతురుకి ఎత్తి చూడాలి. అమ్మకి చదువు రాదు గానీ ఇవన్నీ చూపులతోనే నేర్చుకుంది. బల్లకీ బల్లకీ మధ్య వంగి, నా చెవిలో, ఈ బొమ్మ తల ఒకదానిది, ఒళ్ళు ఇంకోదానిది అని చెప్పి నవ్వేది. మేమిద్దరం పనివాళ్ళమన్న సంగతి ఆ రెండు గంటలు మాకే గుర్తుండేది కాదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ప్రదర్శన నుంచి తిరిగొస్తుంటే కారులో ఒక బొమ్మ చెయ్యి విరిగింది. నాన్న బ్రేకు గట్టిగా వేశాడని మామా కోడలు అంది. నాన్న బ్రేకు వెయ్యలేదు. అది కూడా నాకు గుర్తుంది. అమ్మ మాత్రం రాత్రి అన్నం పెడుతూ తన లెక్క తను చెప్పింది. హాల్లో పొద్దుగూకులూ జనం ఆ బొమ్మల్ని చూసి ఎంత బాగున్నాయో అంటూనే ఉన్నారని, అన్ని కళ్ళు పడితే రాయైనా పగులుతుందని. నాన్న నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

మరుసటి ఏడు, అంటే నాకు పదేళ్ళు నిండిన ఏడు, మామా పింగాణీ పాపని మొదటిసారి ప్రదర్శనకి తెచ్చింది. దాని చుట్టూ జనం మూగారు. నేను బల్ల వెనక నేల మీద కూర్చుని బొమ్మలు గీసుకుంటున్నాను. నా చేతిలో నల్ల స్కెచ్ పెన్ను ఉంది. అదొక్కటే నా దురదృష్టం. ప్రదర్శన పెట్టినవాళ్ళలో ఒక తెల్లామె పింగాణీ పాపని జాగ్రత్తగా ఎత్తి, గుర్తు కోసం మెడ చూసి, తర్వాత కాళ్ళు చూసింది. ఎడమ అరికాలి మధ్యలో నల్లటి చుక్క ఉంది. ఆమె గుడ్డతో తుడిచింది. పోలేదు. పింగాణీ అంతా నునుపే గానీ అరికాలికి ఆ నునుపు పూత లేదు, పచ్చి మట్టిలా ఉండేది. ఆ నలుపు లోపలికి ఇంకిపోయింది.

మామా కోడలు చుక్కని చూసింది. నన్ను చూసింది. నా చేతిలో పెన్ను చూసింది. బంగారు గాజుల చెయ్యి చాపి ఆ పెన్ను లాక్కుని, అందరికీ వినబడేలా, నువ్వే కదా గీశావు అంది. నేను కాదన్నాను. అరబ్బీలో చెప్పాను, హిందీలో చెప్పాను, భయానికి తెలుగులో కూడా చెప్పాను. చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను చూస్తున్నారు. నేను అమ్మని చూశాను. అమ్మ మొహం పిండిలా తెల్లబడింది. నా కూతురు అలాంటిది కాదని ఒక్క మాట అంటే చాలు, నాకు ఇంకేం అక్కర్లేదు. అమ్మ ఒకే ఒక్క మాట అంది. "సగీరా, మామా." అంటే, చిన్నపిల్ల మామా, అని.

తప్పు నాదేనని అమ్మే ఒప్పేసుకుంది.

మామా బొమ్మని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టింది. ఆ రోజు నుంచి బొమ్మల గది తలుపు నాకు మూసుకుపోయింది. కోడలు తాళం వేసి తాళంచెవి దగ్గర పెట్టుకుంది. ఆ వారమంతా నేను అమ్మతో మాట్లాడలేదు. అన్నం నేనే పెట్టుకుని, నా కంచం నేనే కడుక్కున్నాను. అమ్మ బతిమాలుకుంటుందని చూశాను. బతిమాలలేదు. రాత్రిపూట నేను నిద్రపోయాననుకుని నా తల నిమిరేది. నేను నిద్రపోయేదాన్ని కాదు. నిమరనిచ్చేదాన్ని, అంతే.

ఎండాకాలం మధ్యలో ఇరాక్ సైన్యం వచ్చింది. ఒక పొద్దున లేచేసరికి బీచ్ రోడ్డు మీద ట్యాంకులున్నాయి. మొదటివారంలోనే నాన్న నడిపే కారు తీసుకుపోయారు. మా వీధి చివర కాల్పులు జరుగుతుంటే మామా కుటుంబం బంధువుల ఇంటికి వెళ్ళింది. మేం మంగఫ్‌లో మా ఊరివాళ్ళ గదులకి వెళ్ళి, పదిమంది పడుకునే చోట మేం ముగ్గురం సర్దుకున్నాం. మూడోరోజు అందరం తిరిగొచ్చేసరికి ఇంటి తలుపు ఊడి పడి ఉంది. టీవీ లేదు, తివాచీలు లేవు, గోడకున్న ఏసీలు కూడా పీకి పట్టుకుపోయారు. బొమ్మల గదిలో బీరువా ఉన్నచోట నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులు మాత్రం మిగిలాయి.

మామా మిగతా వేటి గురించీ అడగలేదు. ఖాళీ గదిలో ఆ నాలుగు గుర్తుల మధ్య కూర్చుంది. ఆ పూట తినలేదు, మరునాడూ తినలేదు. అమ్మ గంజి కాచి తీసుకెళితే ఒక గుక్క తాగి, ఖలాస్, ఇక చాలు అని పక్కకి పెట్టేది. ఆమె ముసలిప్రాణం. ఇలా ఎన్నాళ్ళు ఉంటుందని కోడలు వంటింట్లోకి వచ్చి అమ్మ ముందే ఏడ్చింది.

మార్కెట్ వెనక వీధిలో, మూసేసిన దుకాణాల ముందు, కాలిబాట మీద సామాన్లు పరిచి అమ్ముతున్నారని నాన్న విని వచ్చాడు. దేశం విడిచి పోయేవాళ్ళు తమవి అమ్ముకుంటున్నారు. ఇంకొకరి ఇళ్ళల్లోవి తెచ్చి అమ్మేవాళ్ళూ ఉన్నారు. పిల్లల సామాన్లు కూడా కుప్పలుగా పోశారట. అమ్మ ఆ మాట వినీ వినగానే మామా దగ్గర ఒళ్ళంతా కప్పే నల్లటి అబాయా అడిగి వేసుకుంది. ఆ పరిస్థితుల్లో బయటికి పోవద్దని నాన్న అన్నాడు.

"ఆ ముసలామె పదేండ్ల నుంచి నా చేతి కూడే తింటాంది. ఇప్పుడు తినకుండా నా కండ్ల ముందరే పోతాంటే కూసోని చూడమంటావా? ఆడపిల్ల తోడుంటే సైన్యమోళ్ళు ఏమనరు. పాపను తోలుకొని పోతా."

నాన్న దారి వదిలాడు. ఆ పొద్దున బేకరీ దగ్గర మూడు గంటలు నిలబడి తెచ్చిన రొట్టెల మూట కూడా అమ్మ చేతిలోనే ఉంది. అవి మా ముగ్గురికీ ఆ రోజుకీ మర్నాటికీ తిండి.

నేను వెళ్ళాను గానీ ఇష్టంగా వెళ్ళలేదు. నన్ను దొంగలా చూసి తాళం వేసుకున్న బొమ్మలు. వాటిని వెతకడానికి నేనెందుకు ఎండలో నడవాలి? ఆ మాట దారంతా అంటూనే ఉన్నాను. అమ్మ దారంతా వింటూనే ఉంది.

ఆ వీధి ఎలా ఉందో ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. సైకిళ్ళు, మంచాలు, మూతలు లేని గిన్నెలు, పెళ్ళి ఫోటోల ఫ్రేములు, ఒకే కాలి చెప్పులు. వాటి మధ్యలో అక్కడక్కడా బొమ్మలు. బడి హాల్లో తెల్లగుడ్డ మీద నిలబెట్టిన బొమ్మలు గుర్తొచ్చాయి నాకు. ఇక్కడవి బోర్లా పడి ఉన్నాయి. అమ్మ ముందుగా వీధి ఆ చివరిదాకా ఒకసారి నడిచి, వెనక్కి వచ్చి, ఒక అమ్మకందారు పరిచిన సామాన్ల పక్కన, గోడ నీడలో నన్ను కూర్చోబెట్టింది. ఇక్కడే ఉండు, యాడికీ కదలొద్దు అంది. తను ఎదురుగా ఉన్న కుప్ప దగ్గర వంగి వెతకడం మొదలుపెట్టింది.

నేను కూర్చున్నచోటుకి బారెడు దూరంలో ఒక ప్రెషర్ కుక్కరు ఉంది. దాని వెనక రెండు దిండ్లు. దిండ్ల మధ్యలోంచి ఒక తెల్లటి మొహం నన్నే చూస్తోంది. ఏదో అడగబోయి ఆగినట్టుండే ఆ చూపు నేను పోల్చుకోకపోవడమేమిటి. పింగాణీ పాప. ఎవరో జుట్టంతా పీకేశారు. గౌను లేదు. బోడితలతో చంటిపిల్లలా ఉంది.

నేను అమ్మని పిలవలేదు.

ఈ మాట రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. మామా తిండి మానేసిందని తెలుసు. అమ్మ ఎండలో చెమటలు కక్కుతూ వెతుకుతోందని తెలుసు. అయినా నేను తల పక్కకి తిప్పుకుని కూర్చున్నాను. వెతకనీ అనుకున్నాను. నన్ను నలుగురిచేత మాట అనిపించినందుకు వెతకనీ.

కాసేపటికి ఒకటి గమనించాను. అమ్మ బొమ్మల మొహాలు చూడటం లేదు. మెడ వెనక చూడటం లేదు. బొమ్మని ఎత్తడం, ఎడమ కాలు పైకి తిప్పడం, అరికాలు చూడటం, పెట్టేయడం. మళ్ళీ ఇంకోటి. అలా ఎందుకు చూస్తున్నావని అరిచి అడిగాను.

అమ్మ చేతిలో బొమ్మతోనే నా దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చుంది.

"చుక్క కోసం, పాపా. మామా బొమ్మలన్నిటికీ ఎడం కాలికింద చుక్క ఉంటాది."

"అన్నిటికా? నీకెట్ల తెలుసు?"

"నేనే పెట్టినా. పోయినేడు చెయ్యి ఇరిగినాక, ఊరినించి తెచ్చుకున్న కాటుకతో అన్నిటికీ దిష్టిచుక్క పెట్టినా. మొగానికి పెడితే కనపడతాదని కాలికింద పెట్టినా."

ఆమె చెబుతున్నది నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక ఒంట్లో ఉన్న వేడంతా కళ్ళలోకి వచ్చింది. మరి ఆ రోజు నన్ను తిడుతుంటే చిన్నపిల్ల అని ఎందుకన్నావని అడిగాను.

"ఇంట్లో పనిమనిషి బొమ్మల కాళ్ళకు మసి పూసిందంటే ఈ దేశంలో దాన్ని సెహర్ అంటారు. చేతబడి. నేనూ మీ నాయనా ఆ పొద్దే జైలుకు పోయుంటాం, నువ్వు ఎవురి ఇంట్లో ఉందువు? చిన్నపిల్ల గీసిందంటే తిట్టి వదిలేస్తారు. అందుకే నీ మీదికి తోసినా." ఆగి, అబాయా అంచుతో మొహం తుడుచుకుంది. "తప్పే. అప్పుడూ తెలుసు నాకు."

ఇంకొకరైతే అక్కడ అమ్మని వాటేసుకుని ఏడ్చేవారు. నేను అలా చెయ్యలేదు. నాకప్పుడు న్యాయం కావాలి, ఇంకేదీ వద్దు. మామా ముందర, కోడలి ముందర అది నువ్వే పెట్టావని చెబితే నీకొకటి చూపిస్తాను అన్నాను. చెప్పకపోతే చూపించనన్నాను. పదేళ్ళ పిల్లని, తల్లితో బేరం పెట్టాను.

అమ్మ నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఏం చూపిస్తావని అడగలేదు. చెబితే ఏమవుతుందో నీకు తెలుసా అంది. నాకు తెలియదన్నాను. నాకూ తెలీదు అంది తను.

"సరే. ఎవురి ముందర నీకు మాట పడిందో వాళ్ళ ముందరే తీసేస్తా. చూపీ."

నేను కుక్కరు వైపు చెయ్యి చూపించాను.

అమ్మకందారు బక్కపలచటి మనిషి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. అతనికి దినార్లు వద్దట. వాటితో ఇప్పుడేం దొరుకుతుందని అడిగాడు. అతని కళ్ళు రొట్టెల మూట మీద ఉన్నాయి. అమ్మ మూట విప్పి సగం ఇవ్వబోయింది. అతను తల అడ్డంగా ఊపాడు. అమ్మ మొత్తం ఇచ్చేసింది. ఆ సామాన్లన్నీ ఎక్కడివని అడగాలనిపించింది నాకు. అతను మొదటి రొట్టెని నిలబడిన చోటే, నీళ్ళు కూడా లేకుండా తింటుంటే ఆ ప్రశ్న నోట్లోనే ఉండిపోయింది.

బొమ్మ ఎడమ అరికాలు తిప్పి చూశాం. చుక్క ఉంది. నా మీద పడిన నింద అలాగే నల్లగా, చెక్కు చెదరకుండా ఉంది.

తిరుగుదారిలో చెక్‌పోస్టు దగ్గర సైనికుడు ఆపాడు. రొట్టెల గుడ్డలో ఏముందో విప్పమన్నాడు. కువైటీ ఇళ్ళ సామాను దాచిపెడుతున్నారన్న అనుమానంతో అందరినీ వెతుకుతున్నారు. బొమ్మ బయటపడింది. ఎవరిదని అతను గట్టిగా అడిగాడు. నాదని నేను చెప్పాను. చెప్పి దాన్ని లాక్కుని చంకన వేసుకున్నాను. అన్నాళ్ళు అద్దంలోంచి చూడటమే గాని దాన్ని ఎత్తుకోవడం అదే మొదటిసారి. అతను బోడితలని వేలితో తట్టి దీని జుట్టు ఏమైందని అడిగాడు.

నేనే కత్తిరించానని చెప్పాను.

చెడ్డపిల్లవి అని అతను నవ్వి, వేలు ఊపి, పొమ్మన్నాడు. పది అడుగులు నడిచాక అమ్మ నా చెయ్యి పట్టుకుంది.  నేను మళ్ళీ చెయ్యని తప్పుకి మాట పడ్డానని అప్పుడు తట్టింది నాకు. ఈసారి దాన్ని నా మీద వేసుకున్నది నేనే. అది వేసుకోవడానికి నాకు ఎంతసేపూ పట్టలేదు. ఆ రోజు హాల్లో అమ్మకీ అంతసేపే పట్టి ఉంటుందనిపించింది. ఆ ఆలోచన నాకు నచ్చలేదు. అయినా అది నాతోపాటే ఇల్లు చేరింది.

మామా ఖాళీ గదిలో పరుపు మీద కూర్చుని ఉంది. కోడలు చంటిబిడ్డని ఒళ్ళో పెట్టుకుని పక్కనే ఉంది. అమ్మ బొమ్మని మామా ఒళ్ళో పెట్టింది. మామా దాన్ని గుండెకి అదుముకుని, బోడితల మీద చెంప ఆనించి, పైకి వినబడని మాటలేవో అనుకుంది. అందరి మనసూ మెత్తబడిన సమయం అది. ఆ సమయంలో ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. నేను అమ్మ అబాయా పట్టుకుని లాగాను. వద్దులే అన్న అర్థంలో లాగాను. నిజంగా వద్దనే అనుకున్నాను ఆ నిమిషం. 

అమ్మ ఆగలేదు. తనకి వచ్చిన ముక్కల అరబ్బీలో చెప్పింది. "మామా, ఆ చుక్క పాప పెట్టలేదు. నేను పెట్టాను. అన్ని బొమ్మలకీ నేనే పెట్టాను. ఆ రోజు పాప మీద అబద్ధం చెప్పాను."

కోడలు సెహర్ అంది. గట్టిగా అనలేదు, ఊపిరితో అంది. బిడ్డని తీసుకుని గోడ వైపు జరిగింది. ఆ ఒక్క మాట పోలీసు దాకా వెళితే ఏమవుతుందో అమ్మ నాకు వీధిలోనే చెప్పింది. ఆ రోజుల్లో పోలీసు లేడు సరే, మమ్మల్ని ఆ ఇంట్లోంచి గెంటేసినా చాలు, బయట ఎక్కడికి పోతాం.

మామా బొమ్మని తిప్పి అరికాలు చూసింది. బొటనవేలితో రుద్దింది. ఇది దేనికి అని అడిగింది. అమ్మ చెప్పింది. మా దగ్గర చంటిపిల్లలకి పెడతారని, ఎవరి కళ్ళూ పడకూడదని పెడతారని, ఈ బొమ్మలు నీ పిల్లల్లాంటివి కాబట్టి పెట్టానని. మామా కోడలి వైపు తిరిగి, మా అమ్మ నాకు చెవి వెనక సుర్మా కాటుక పెట్టేది, నీ మొగుడికి నేను పెట్టాను, నువ్వు చూడలేదు అంతే అంది. అని, పరుపు మీద నుంచి తన కాలు ముందుకి చాపింది.

"నాకూ పెట్టు. బయట చాలా కళ్ళున్నాయి."

కాటుక భరిణె తెమ్మని అమ్మ నన్ను పంపింది. నేను మా గదికి పరిగెత్తుకెళ్ళి తెచ్చాను. పగుళ్ళు పడిన ఆ ముసలి అరికాలిని అమ్మ ఒళ్ళో పెట్టుకుని, ఉంగరపు వేలితో మధ్యలో చుక్క పెట్టింది. అప్పుడు మామా నన్ను దగ్గరికి పిలిచి, "బింతీ, ఆ రోజు నేను నిన్ను అడగనే లేదు" అంది. అంతే అంది. అది క్షమాపణో కాదో నేను చాలా ఏళ్ళు ఆలోచించాను. క్షమాపణ కిందే జమ వేశాను. ఆ సాయంత్రం ఆమె అన్నం తింది. మాకు రొట్టెలు లేవని తెలిసి తన పళ్ళెం మా మధ్యకి జరిపింది.

నాలుగు రోజుల తర్వాత కోడలు బిడ్డని ఎత్తుకుని వంటింట్లోకి వచ్చింది. ఆమె భర్త బియ్యం కోసం వెళ్ళి పొద్దుపోయినా రాలేదు. బిడ్డ పాదాన్ని అమ్మ ముందుకి చాపింది. అమ్మ చుక్క పెట్టింది. నాకు సారీ చెబుతుందేమోనని నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. చెప్పలేదు. ఆమె భర్త క్షేమంగా వచ్చాడు, ఆ తర్వాత కూడా చెప్పలేదు. ఇంతవరకూ చెప్పలేదు.

మిగతా బొమ్మల కోసం అమ్మా నేనూ ఇంకా రెండుసార్లు ఆ వీధికి వెళ్ళాం. దొరకలేదు. కొన్నాళ్ళకి ఇండియాకి తరలించేవాళ్ళలో మా వంతు వచ్చి బాగ్దాద్ మీదుగా బస్సుల్లో అమ్మాన్‌కీ, అక్కణ్ణుంచి విమానంలో బొంబాయికీ చేరాం. వీడ్కోలప్పుడు మామా పింగాణీ పాపని నాకిస్తుందనుకున్నాను. దాన్ని కనిపెట్టింది నేను, చెక్‌పోస్టు దాటించింది నేను. ఇవ్వలేదు. ముద్దు పెట్టుకోమని మాత్రం చాపింది. పెట్టుకున్నాను. ఇవ్వాల్సిందని ఇప్పటికీ నా అభిప్రాయం.

అమ్మ మామా ముందు నిజం ఒప్పుకున్న ఆ రోజు నుంచి నాకొక పట్టుదల ఉండిపోయింది. మా అమ్మాయి చిన్నప్పుడు ఒకసారి దాన్ని చుట్టాల ముందు కసిరాను. తప్పు దానిది కాదని తర్వాత తెలిసింది. గదిలోకి పిలిచి బుజ్జగిస్తే సరిపోతుందని అందరూ అన్నారు. సరిపోదు. ఆ చుట్టాలందర్నీ మళ్ళీ భోజనానికి పిలిచి, పప్పు వడ్డిస్తూ, ఆ రోజు తప్పు నాది అని చెప్పాను. వాళ్ళు ఎందుకో కంగారుపడ్డారు. మా అమ్మాయి మాత్రం ఇంకో ముద్ద ఎక్కువ తింది.

ఈ కథని ఈ మధ్య మా మనవరాలికి చెబుతున్నాను. అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేను బొమ్మని చూసి కూడా చెప్పకుండా బేరం పెట్టానన్న చోట గొంతు తగ్గించాను. అమ్మ తలెత్తకుండానే అంది.

"కుక్కరు ఎనకాల దిండ్ల మధ్యలో ఉన్నింది కదా. నిన్ను దాని ముందరే కూసోబెడితి."

నేను చెప్పడం ఆపేశాను. వీధి చివరిదాకా ఒకసారి నడిచి వచ్చి మరీ నన్ను ఆ గోడ నీడలో కూర్చోబెట్టిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ముందే చూసిందన్నమాట. చూసి, నేను చూసేలా కూర్చోబెట్టి, నేను అడిగేలా నా ఎదురుగా ఒక్కో బొమ్మ కాలూ తిప్పిందన్నమాట. అంత నాటకం ఎందుకని అడిగాను.

"నువ్వు పట్టుబట్టి అడగకుంటే నాకు ఆ మాట చెప్పే ధైర్యం వచ్చుండదు పాపా. ఎన్ని దినాలు చూసినా, నువ్వు అడుగుతావని. నువ్వేమో మాట్లాడవు, కంచం కడుక్కుంటావు."

నా జీవితంలో నేను న్యాయంగా గెలిచిన తగాదా అదొక్కటే అనుకుంటూ వచ్చాను. అది కూడా అమ్మ గెలిపిస్తే గెలిచిందే. ఆ కోపంతో రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడోరోజు నేను ఊరికి బయల్దేరుతుంటే భరిణె పట్టుకుని వచ్చి, నా ముందు నేల మీద కూర్చుని, చెప్పు విప్పమంది. ఈ వయసులో నాకెందుకు అన్నాను. అన్నానే గాని కాలు వెనక్కి తీసుకోలేదు.